జెడ్ డ్రైవు ఉంది, ఫైలేదీ?

ఈ నెల ప్రశ్నల్లో చాలావాటిది ఒకటే గోడు. ఫైలు సర్వర్లో కళ్లెదుటే ఉంది, పక్క సిస్టంలో తెరుచుకుంటోంది, నా సిస్టం మాత్రం లేదు పొమ్మంటోంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాం. కమాండ్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. కీబోర్డు మీద ఇంగ్లీషులో కొట్టుకోండి.

ప్రశ్న: తిరుపతి రేణిగుంట రోడ్డులో బిల్డింగ్ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు మాది. ఐదు సిస్టంలు. డ్రాయింగులన్నీ ఒక సర్వర్లో పెట్టినాం. నాలుగింట్లో అంతా బాగుంది. కొత్తగా కొన్న ఐదోదాంట్లో ఆటోక్యాడ్‌లో ప్లాను తెరిస్తే కాలమ్ గ్రిడ్ రాదు, దాని చోట ఏదో ఫైలు పేరు రాసి ఉంటుంది. అక్షరాలు కూడా వేరే రూపంలో వస్తున్నాయి. సాఫ్ట్‌వేరు రెండుసార్లు తీసి మళ్లీ వేసినాం.

జవాబు: మూడోసారి వేసినా ఇంతే, దాని జోలికి పోకండి. ఆ సిస్టంలో ఎక్స్‌రెఫ్ అని కొట్టి, ప్లానుకు అతికించిన బయటి ఫైళ్ల ప్యాలెట్ తెరవండి. దొరకని గ్రిడ్ ఫైలు మీద నొక్కితే కింద రెండు గళ్లు కనబడతాయి: సేవ్డ్ పాత్, ఫౌండ్ ఎట్. మొదటిది గ్రిడ్‌ను అతికించిన రోజున రాసుకున్న చిరునామా. రెండోది ఇప్పుడు నిజంగా ఎక్కడ దొరికిందో ఆ చోటు. మీ కేసులో సేవ్డ్ పాత్ పి:\ అని మొదలై ఉంటుంది. పాత నాలుగింటికీ సర్వరు ఫోల్డరు పి డ్రైవుగా మ్యాప్ అయి (అంటే ఆ అక్షరం కేటాయించి) ఉండి, కొత్తదానికి మ్యాప్ చేసినవారు జెడ్ ఇచ్చి ఉంటారు. పి అనేదే లేని సిస్టం పి లో ఎక్కడ వెతుకుతుంది?

తక్షణం చేయాల్సింది ఐదోదానికి కూడా పి అక్షరమే ఇవ్వడం. తర్వాత తీరిగ్గా అన్ని డ్రాయింగుల్లోనూ చిరునామాను, డ్రైవు అక్షరంతో కాక ప్లాను ఉన్న ఫోల్డరు నుంచి లెక్కపెట్టేలా, రిలేటివ్‌గా మార్చుకోండి. ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో ఫైళ్లన్నీ ఎంచి, కుడి బటను నొక్కి, చేంజ్ పాత్ టైప్‌లో మేక్ రిలేటివ్ అంటే చాలు. ఈ సౌకర్యం 2018 వెర్షను నుంచి ఉంది. కొత్తగా అతికించేవి కూడా రిలేటివ్‌గానే పోవాలంటే రెఫ్‌పాత్‌టైప్ విలువ 1 ఉండాలి. 0 అయితే చిరునామాయే ఉండదు, 2 అయితే పూర్తి చిరునామా. ప్లాను, గ్రిడ్ ఒకే డ్రైవులో ఉంటేనే రిలేటివ్ పనిచేస్తుంది. ఒకటి సి లో, ఒకటి పి లో ఉంటే కుదరదు.

గ్రిడ్ దొరకకపోవడం నిజానికి మీ అదృష్టం. దొరికి ఉంటే ఇంకా పెద్ద తలనొప్పి అయ్యేది. సేవ్డ్ పాత్‌లో ఫైలు లేకపోతే ఆటోక్యాడ్ అక్కడితో ఊరుకోదు. ప్లాను ఉన్న ఫోల్డర్లో చూస్తుంది, ఆ తర్వాత ప్రాజెక్టు పాత్‌లలో, సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్‌లలో, చివరికి షార్ట్‌కట్‌లో స్టార్ట్ ఇన్ అని రాసిన ఫోల్డర్లో. ఎక్కడ అదే పేరుతో మొదట ఏది తగిలితే దాన్ని తెచ్చి పెడుతుంది. ఆర్నెల్ల కిందట ఎవరో ఈమెయిల్ చేయడానికి ప్లాను పక్కనే కాపీ చేసి మరిచిపోయిన పాత గ్రిడ్ ఉంటే, అదే వచ్చి కూర్చుంటుంది. ఏ హెచ్చరికా రాదు. ఫుటింగు మార్కింగు పాత గ్రిడ్ ప్రకారం పోతుంది. అందుకని గ్రిడ్ కనబడే సిస్టంలలో కూడా ఒకసారి సేవ్డ్ పాత్, ఫౌండ్ ఎట్ రెండూ ఒకటేనా అని చూడండి. తేడా ఉంటే ఆ పాత కాపీకి పేరు మార్చేయండి.

అక్షరాల సంగతి వేరు. మీ ఆఫీసు వాడే ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు పాత సిస్టంల సపోర్ట్ ఫోల్డర్లో ఎప్పుడో ఎవరో వేసి ఉంటారు. కొత్తదాంట్లో అది లేదు గనుక, దొరకని ఫాంటుకు బదులు ఏది వాడాలో చెప్పే ఫాంట్ఆల్ట్‌లో రాసి ఉన్న సింప్లెక్స్‌తో సరిపెడుతోంది. ఫాంట్లకు సర్వర్లో ఒక ఫోల్డరు పెట్టి, ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్, అందులో సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్ తెరిచి యాడ్ నొక్కి దాన్ని చేర్చండి. ఈ పట్టీని పైనుంచి కిందికి చదువుతుంది. ఒకే పేరున్న ఫాంటు రెండు చోట్ల ఉంటే పైదే చెల్లుతుంది. ఏది పట్టుకుంటోందో తేల్చుకోవడానికి కమాండ్ లైనులో (ఫైండ్‌ఫైల్ "రోమన్స్.ఎస్‌హెచ్‌ఎక్స్") అని బ్రాకెట్లు, కొటేషన్లతో సహా కొట్టండి. పూర్తి చిరునామా చెబుతుంది. నిల్ అంటే ఎక్కడా లేదని.

రెండు జాగ్రత్తలు. తీసేసిన పాత సర్వరు చిరునామాలు ఆ పట్టీలో మిగిలి ఉంటే, ప్రతి వెతుకులాటలోనూ జవాబివ్వని ఆ తలుపు కొట్టి నిలబడుతుంది. ఆటోక్యాడ్ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టే సిస్టంలలో మొదట చూడాల్సింది ఇదే. ఇక ఈ సెట్టింగులు విండోస్ యూజరుకు కట్టుబడి ఉంటాయి. మధ్యాహ్నం షిఫ్టువారు వేరే పేరుతో లాగిన్ అయితే వారికి రావు. ప్రొఫైల్స్ ట్యాబ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఏఆర్‌జీ ఫైలును వారి లాగిన్‌లో ఇంపోర్ట్ చేస్తే పని అయిపోతుంది.

ప్రశ్న: చిత్తూరు గ్రీమ్స్‌పేటలో హోల్‌సేల్ షాపు. బిల్లింగు ప్రోగ్రాము డేటా సర్వర్లో, జెడ్ డ్రైవులో ఉంది. మై కంప్యూటర్లో జెడ్ తెరిస్తే ఫైళ్లన్నీ కనబడతాయి. ప్రోగ్రాము మాత్రం పాత్ దొరకలేదంటుంది. ఇన్‌స్టాల్ చేసిన అబ్బాయి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టి వెళ్లినాడు. రాత్రి పదికి పెట్టిన బ్యాకప్ కూడా జరగడం లేదు.

జవాబు: మీ రెండు సమస్యలకూ వేరు ఒకటే. డ్రైవు అక్షరం కంప్యూటరుది కాదు, లాగిన్‌ది. మీరు మామూలుగా లాగిన్ అయినప్పుడు జెడ్ ఆ లాగిన్‌కు అంటుకుంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రాముకు విండోస్ వేరే లాగిన్ ఇస్తుంది, పేరు మీదే అయినా సరే. ఆ లాగిన్‌కు జెడ్ ఎవరూ మ్యాప్ చేయలేదు.

నమ్మకం కలగాలంటే రెండు కమాండ్ ప్రాంప్టులు పక్కపక్కన తెరవండి, ఒకటి మామూలుగా, ఒకటి అడ్మినిస్ట్రేటర్‌గా. రెండింట్లోనూ నెట్ యూజ్ అని కొట్టండి. మొదటిదాంట్లో జెడ్ పక్కన ఓకే అని ఉంటుంది. రెండోది పట్టీ ఖాళీ అని చెబుతుంది.

మందు మూడు రకాలు. ప్రోగ్రాము సెట్టింగులో డేటా పాత్ రాసే చోట జెడ్:\ బదులు \\సర్వరుపేరు\షేరుపేరు అని పూర్తి చిరునామా ఇవ్వండి (షేరు అంటే సర్వరు అందరికీ తెరిచిపెట్టిన ఫోల్డరు). మా ఓటు దీనికే. ఒప్పుకోని ప్రోగ్రామైతే అసలు అడ్మినిస్ట్రేటర్ ఎందుకు పెట్టారో ఆలోచించండి. సాధారణంగా ప్రోగ్రాము తన ఫోల్డర్లో తానే రాసుకోలేక మొరాయిస్తుంటే ఆ టిక్కు పెట్టి చేతులు దులుపుకుంటారు. ఆ ఒక్క ఫోల్డరుకు యూజర్స్ పేరిట మాడిఫై పర్మిషను ఇచ్చి, టిక్కు తీసేస్తే జెడ్ దానంతట అదే కనబడుతుంది. మూడోది రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, పాలసీస్, సిస్టమ్ వరకు వెళ్లి ఎనేబుల్‌లింక్డ్‌కనెక్షన్స్ అనే డీవర్డ్ రకం ఎంట్రీ చేసి విలువ 1 పెట్టి, సిస్టం రీస్టార్ట్ చేయాలి. పనిచేస్తుంది గానీ, అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రతిదానికీ సర్వరు తలుపు తెరిచినట్టవుతుంది. మిగతా దారులు మూసుకుంటేనే చూడండి.

రాత్రి బ్యాకప్‌కు కూడా పూర్తి చిరునామాయే రాయండి. టాస్క్ షెడ్యూలర్లో యూజరుగా సర్వర్లో కూడా అదే పేరు, అదే పాస్‌వర్డు ఉన్న అకౌంటు ఇవ్వండి. సిస్టం అకౌంటు ఇస్తే మీ సర్వరు దాన్ని గుర్తుపట్టదు. డోంట్ స్టోర్ పాస్‌వర్డ్ అనే టిక్కు ఉండకూడదు. అది ఉంటే ఆ పనికి ఆ కంప్యూటరు దాటి బయటికి పోయే హక్కే ఉండదు.

బ్యాకప్ చేసే బ్యాచ్ ఫైలును (కమాండ్లు వరసగా రాసిన ఫైలును) మీరు మాకు పంపలేదు గనుక ఒక మాట ముందే చెప్పాలి. అందులో ఫోల్డరు మారే సీడీ \\సర్వరు\బ్యాకప్ అని ఒక లైనూ, దాని కింద పాత ఫైళ్లు తుడిచే డెల్ లైనూ ఉన్నాయా? రెండు బ్యాక్‌స్లాష్‌ల చిరునామాలోకి సీడీ వెళ్లలేదు. ఒక ఎర్రర్ సందేశం ఇచ్చి ఉన్నచోటే ఉండిపోతుంది. టాస్క్ షెడ్యూలర్లో స్టార్ట్ ఇన్ ఖాళీగా వదిలేస్తే ఆ ఉన్నచోటు సిస్టం32 ఫోల్డరు. డెల్ అక్కడ మొదలవుతుంది! సీడీ తీసేసి పుష్‌డీ రాయండి. అది జెడ్ నుంచి వెనక్కి వస్తూ ఖాళీగా ఉన్న అక్షరాన్ని తాత్కాలికంగా మ్యాప్ చేసి లోపలికి వెళుతుంది. చివర పాప్‌డీ అంటే తీసేస్తుంది. పుష్‌డీ లైను చివర || ఎగ్జిట్ /బి 1 అని చేర్చితే, సర్వరు అందని రోజున తుడిచే లైను దాకా పోదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, తిరుపతి. కాలేజీ ల్యాబ్ సిస్టంలో జావా 21 జిప్ విప్పి సి డ్రైవులో పెట్టి, నా యూజర్ పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల పట్టీలో) చేర్చినాను. కంపైల్ చేసే జావాసీ వెర్షను అడిగితే 21 అంటుంది. నడిపే జావా వెర్షను అడిగితే 8 అంటుంది. ప్రోగ్రాము కంపైల్ అవుతుంది, నడవదు.

జవాబు: ఎర్రర్ సందేశంలో 65.0, 52.0 అనే అంకెలు ఉండి ఉంటాయి. 65 అంటే జావా 21 తయారుచేసిన క్లాసు ఫైలు, 52 అంటే జావా 8 చదవగలిగిన హద్దు. వేర్ జావా అని కొట్టండి. పవర్‌షెల్ అయితే వేర్.ఈఎక్స్‌ఈ అనాలి, ఉత్త వేర్‌కు అక్కడ వేరే అర్థం. వచ్చిన పట్టీలో మొదటి లైనుదే రాజ్యం. అది ఒరాకిల్ ఫోల్డర్లోని జావాపాత్ అయి ఉంటుంది. జావా 8 ఇన్‌స్టాలరు దాన్ని సిస్టం పాత్ తలమీద పెడుతుంది. విండోస్ సిస్టం పాత్‌ను ముందు పెట్టి, యూజర్ పాత్‌ను దాని తోకకు కలుపుతుంది. ఆ ఫోల్డర్లో జావా ఉంది, జావాసీ లేదు. అందుకే జావాసీ కోసం వెతుకుతూ వెతుకుతూ మీ 21 దాకా వచ్చింది, జావా మాత్రం గుమ్మంలోనే ఆగింది.

ల్యాబులో సిస్టం పాత్ మార్చే హక్కు మీకు ఉండదు, ఉన్నా మార్చవద్దు. పక్కవారి ప్రాజెక్టు 8 మీద నడుస్తుండొచ్చు. నోట్‌ప్యాడ్‌లో సెట్ పాత్=సి:\జేడీకే21\బిన్;%పాత్% అని ఒక లైను రాసి బ్యాచ్ ఫైలుగా పెట్టుకోండి. కమాండ్ ప్రాంప్టు తెరవగానే దాన్ని నడిపితే ఆ ఒక్క కిటికీకి 21 ముందుంటుంది, మూయగానే పోతుంది.

ఇదే పనికి సెట్‌ఎక్స్ వాడమని సలహా ఇచ్చేవారు మీ క్లాసులోనే ఉంటారు. సెట్‌ఎక్స్ 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది. పైగా సిస్టం పాత్, యూజర్ పాత్ రెంటినీ కలిపి ఒకదాంట్లో కుక్కుతుంది. ఇప్పటికే చేసి ఉంటే, అంతకు ముందు తెరిచి ఇంకా మూయని కమాండ్ ప్రాంప్టు ఏదైనా ఉందేమో చూడండి. అందులో ఎకో %పాత్% కొడితే కోతకు ముందున్న పూర్తి పాత్ వస్తుంది. తెరిచి ఉన్న కిటికీలకు కొత్త మార్పులు అందవు కదా. కాపీ చేసి దాచుకోండి.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసు. సీజన్లో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఒకటి రెండు సిస్టంలు సర్వరును మరిచిపోతాయి. నెట్‌వర్క్ పాత్ నాట్ ఫౌండ్ అంటాయి. డ్రైవును 192.168.1.7 తో మ్యాప్ చేసినాం.

జవాబు: ఆ 7 ఎవరిది? కరెంటు వచ్చాక రూటరు కూడా మళ్లీ మొదలై, అడిగినవారికి అడిగినట్టు నెంబర్లు పంచింది. సర్వరుకు 9 వచ్చి, 7 వాచ్‌మన్ ఫోనుకో ప్రింటరుకో పోయి ఉంటుంది. సర్వర్లో ఐపీకాన్ఫిగ్ కొడితే తెలిసిపోతుంది. రూటరు పేజీలో డీహెచ్‌సీపీ (నెంబర్లు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ దగ్గర సర్వరు మ్యాక్ అడ్రసు (దాని నెట్‌వర్కు కార్డు గుర్తింపు నెంబరు) ఇచ్చి ఒక నెంబరు ఖాయం చేయండి. ఆ సౌకర్యం లేని రూటరైతే, అది పంచే వరుస 100 నుంచి 199 అని పెట్టి, సర్వరుకు చేత్తో 20 ఇవ్వండి. ఆ తర్వాత సిస్టంలలో నెంబరుతో కాక సర్వరు పేరుతో మ్యాప్ చేయండి. కొన్నిట్లో పేరుతో, కొన్నిట్లో నెంబరుతో చేయకండి. విండోస్ కళ్లకు అవి రెండు వేర్వేరు సర్వర్లు.

అప్పటికీ రాకపోతే కమాండ్ ప్రాంప్టులో నెట్ యూజ్ పి: \\సర్వరు\షేరు అని చేత్తో మ్యాప్ చేసి, వచ్చే ఎర్రర్ నెంబరు చదవండి. 53 అంటే యంత్రమే అందలేదు: పేరు తప్పు, కేబులు ఊడింది, లేదా ఫైర్‌వాల్ 445 పోర్టును మూసింది. రూటరు కొత్తది పెడితే విండోస్ ఆ నెట్‌వర్కును పబ్లిక్‌గా లెక్కేసి షేరింగు మూసేయడం మామూలే. సర్వర్లో దాన్ని ప్రైవేట్‌గా మార్చండి. 67 అంటే యంత్రం అందింది, షేరు పేరు తప్పు. 5 అంటే మీరెవరో తెలిసింది, హక్కు లేదు. 1219 అంటే అదే సర్వరుకు మీరు ఇప్పటికే ఇంకో యూజరు పేరుతో కనెక్ట్ అయి ఉన్నారు; నెట్ యూజ్ * /డిలీట్ అని పాతవి తెంపి మళ్లీ చేయండి. 1326 అంటే యూజరు పేరో పాస్‌వర్డో తప్పు. ఇందులో జనం పడే గుంత ఒకటుంది. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి సిస్టం తెరుస్తారు గనుక ఇక్కడా అదే కొడతారు. పిన్ ఆ ఒక్క యంత్రానికే చెల్లుతుంది, నెట్‌వర్కుకు అసలు పాస్‌వర్డు కావాలి. పాస్‌వర్డే లేని అకౌంటు అయితే బయటినుంచి రానివ్వదు.

పొద్దున్నే జెడ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు ఉండి, నొక్కగానే తెరుచుకుంటే అది జబ్బు కాదు. సర్వరుకంటే మీ సిస్టం ముందు లేచింది, అంతే. యూపీఎస్ సర్వరుకు పెట్టి స్విచ్చికీ రూటరుకూ పెట్టకపోవడం చాలాచోట్ల చూసే పొరపాటు. అవి తాగే కరెంటు కొంచెమే, ఆ యూపీఎస్‌కే తగిలించండి.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో డీటీపీ సెంటరు. పెళ్లి కార్డుల ఇన్‌డిజైన్ ఫైళ్లు జెడ్‌లో ఉంటాయి. మా సిస్టంలలో తెరుచుకునే కొన్ని ఫైళ్లు సర్వరు దగ్గరే కూర్చుని తెరిస్తే తెరుచుకోవు. ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టడం వల్లేనా?

జవాబు: తెలుగు తప్పు కాదు, పొడవు తప్పు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఒక ఫైలు పూర్తి చిరునామా 260 దాటకూడదు. మీ సిస్టంకు ఆ చిరునామా జెడ్:\ దగ్గర మొదలవుతుంది. అదే ఫైలు సర్వరుకు డి:\ దగ్గర మొదలై, మూడు నాలుగు ఫోల్డర్లు దాటాక గానీ జెడ్ దాకా రాదు. మీ దగ్గర 240 ఉన్నది అక్కడ 290 అవుతుంది.

తెలుగు పేర్లతో లెక్క త్వరగా నిండేది ఇందుకు: విండోస్ మనం పలికే అక్షరాలను లెక్కపెట్టదు, వాటిలోని యూనికోడ్ గుర్తులను లెక్కపెడుతుంది. శ్రీ మనకు ఒకటి, దానికి నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. పెళ్ళిపత్రికలు మనకు ఆరు అక్షరాలు, దానికి పద్నాలుగు. ఇలాంటి ఫోల్డర్లు ఒకదాంట్లో ఒకటి ఐదారు పెట్టి, చివర పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇంటిపేర్లతో సహా ఫైలు పేరు రాస్తే నిండక ఏమవుతుంది?

సర్వర్లో పై ఫోల్డర్ల పేర్లు కుదించండి, అదొక్కటే నిలబడే పరిష్కారం. విండోస్ 10లో 1607 వెర్షను నుంచి లాంగ్‌పాత్స్‌ఎనేబుల్డ్ అని ఒక సెట్టింగు ఉంది గానీ, ప్రోగ్రాము కూడా దానికి సిద్ధపడి రాసినదై ఉండాలి. ఇప్పటికే ఇరుక్కున్న ఫైళ్లను బయటికి తేవడానికి రోబోకాపీ వాడండి, దానికి ఈ హద్దు లేదు.

పేర్లు మార్చాక ఇన్‌డిజైన్ లింకులు తెగి ఎర్ర ప్రశ్నార్థకాలు వస్తాయి, కంగారు పడకండి. లింక్స్ ప్యానెల్లో అన్నీ ఎంచి, రీలింక్ టు ఫోల్డర్ ఇచ్చి కొత్త చోటు చూపితే పేర్లను బట్టి కలిపేస్తుంది. ఫొటోల పేర్లు ఐఎంజీ 0001 తరహాలో ఉంటే మాత్రం ఒకరి పెళ్లి కార్డులో ఇంకొకరి ఫొటో వచ్చే ప్రమాదం ఉంది, కళ్లతో సరిచూసుకోండి.

ప్రశ్న: పుత్తూరు నుంచి. నెట్‌వర్కు డ్రైవులో సెర్చ్ చేస్తే పది నిమిషాలైనా తిరుగుతూనే ఉంటుంది. ఫైలు లోపలి మాటతో వెతికితే అసలు రాదు.

జవాబు: మీ సిస్టం తయారుచేసుకునే ఇండెక్సులో నెట్‌వర్కు డ్రైవు ఉండదు. అందుకే ఒక్కో ఫోల్డరు తలుపు తీసి చూస్తుంది, అదీ పేరు మాత్రమే. సర్వరు కూడా విండోసే అయితే అక్కడ విండోస్ సెర్చ్ సర్వీసు నడుస్తోందా చూసి, ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో షేరు చేసిన ఫోల్డరును చేర్చండి. ఒక రాత్రి దాన్ని కదపకుండా వదిలేయండి. మరునాటి నుంచి మీ వెతుకులాటకు సర్వరు ఇండెక్సే జవాబిస్తుంది. పేరులో ముక్క తెలిసి ఇప్పుడే కావాలంటే డిర్ /ఎస్ /బి జెడ్:\*ముక్క* అని కొట్టి టీ తాగి రండి.